శాలువాలు వేదిక మీద, విద్యార్థులు కింద

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇటీవల మీ జిల్లా ఎడిషన్‌లో ఒక ఇంజినీరింగ్ కళాశాలలో జరిగిన రెండు రోజుల ‘నాయకత్వ శిక్షణ శిబిరం’ వార్త చదివాను. పెద్ద ఫొటో కూడా వేశారు. వేదిక మీద కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, హైదరాబాదు నుంచి వచ్చిన వక్త, ఇంకా కొందరు పెద్దలు శాలువాలు కప్పుకొని కూర్చున్నారు. విద్యార్థులు కింద కుర్చీల్లో ఉన్నారు. వక్త ఏమి చెప్పారో వార్తలో ఉంది, ప్రిన్సిపాల్ గారు ఏమి ఉద్ఘాటించారో ఉంది, వందన సమర్పణ ఎవరు చేశారో కూడా ఉంది. ఆ రెండు రోజులూ విద్యార్థులు ఏమి చేశారన్నదానికి మాత్రం ఒక్క వాక్యం లేదు. విలేకరిని తప్పు పట్టడం లేదు. చప్పట్లు కొట్టడం, చివర్లో సర్టిఫికెట్ అందుకోవడం తప్ప వాళ్లు చేసింది మరొకటి ఉండి ఉండదు.

ఈ విషయం మీద రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను. మాది ఒంగోలుకు దగ్గరలో ఒక పల్లెటూరు. ఇక్కడే సివిల్ ఇంజినీరింగ్ చదివి, 2023 ఆగస్టులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నీటి వనరుల ఇంజినీరింగ్‌లో ఎంఎస్‌కు చేరాను. ఆ విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని అక్కడి వార్షిక నివేదిక లెక్క. 2009 తరువాత చైనాను దాటి మనవాళ్లు మొదటి స్థానానికి వచ్చింది ఆ ఏడాదే. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతో మీ పాఠకులకు వేరే చెప్పాలా? ఇంతమంది వెళ్తున్నా మన పత్రికల్లో ఆ చదువుల గురించి వచ్చేవి వీసా, అప్పు, ఉద్యోగం, ప్రమాదం, ఈ నాలుగు రకాల వార్తలే. నేను తిరిగి వచ్చాక చుట్టాలందరూ అడిగినవి కూడా అవే. అక్కడి విశ్వవిద్యాలయంలో తరగతి గది బయట ఏమి జరుగుతుందో అడిగినవాళ్లు లేరు. అందుకే అడగకపోయినా చెబుతున్నాను.

చేరిన మొదటి సెమిస్టర్‌లో అక్కడి విద్యార్థి వ్యవహారాల విభాగం నడిపే నాయకత్వ కార్యక్రమానికి దరఖాస్తు పెట్టాను. ఒక విద్యా సంవత్సరం పాటు సాయంత్రాలు నడిచే కార్యక్రమం అది. మార్కులు లేవు, క్రెడిట్లు లేవు, విడిగా ఫీజు లేదు. మొదటి సగం కూర్చుని నేర్చుకోవడం, రెండో సగం విశ్వవిద్యాలయంలోని ఏదో ఒక కమిటీలో నిజంగా పనిచేయడం. దరఖాస్తులో ‘మీరు నాయకత్వం వహించిన ఒక సందర్భం రాయండి’ అని అడిగారు. ఇక్కడ నేను రెండేళ్లు క్లాస్ రిప్రజెంటేటివ్‌గా ఉన్నాను. సీఆర్ అంటే ఏమిటో మన ఇంజినీరింగ్ కళాశాలల్లో చదివినవాళ్లకు తెలుసు. మార్కులు చూసి విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారు ఎంపిక చేస్తారు. హాజరు పట్టీ తీసుకురావడం, అసైన్‌మెంట్లు పోగుచేసి స్టాఫ్ రూములో ఇవ్వడం, రేపు సెలవో కాదో కనుక్కుని గ్రూపులో పెట్టడం. తరగతి తరఫున హెచ్‌ఓడీ గారితో ఏదైనా మాట్లాడబోతే ‘నువ్వు బాగా చదివే అమ్మాయివి, నీకెందుకమ్మా ఇవన్నీ’ అంటారు. ఇదంతా ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. ఎంపిక చేశారు. అలా రాసినందుకే ఎంపిక చేశామని తరువాత చెప్పారు.

మొదటి సగం గురించి ఎక్కువ చెప్పను. వ్యక్తిత్వ పరీక్షలు పెట్టారు. గ్యాలప్ సంస్థ తయారుచేసిన ఒక ప్రశ్నావళి ఉంది. 34 గుణాల జాబితాలోంచి మన మొదటి అయిదింటిని తేల్చి చెబుతుంది. నాకు ‘ఆచితూచి అడుగు వేసే మనిషి’ అని వచ్చింది. మా నాయనమ్మ ఏ ప్రశ్నావళీ లేకుండానే నా ఆరో ఏట ఈ మాట చెప్పింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1990ల్లో రూపొందిన ఒక నమూనా గురించీ పాఠాలు చెప్పారు. నాయకత్వం అంటే పదవి కాదు, కొందరు కలిసి ఒక మార్పు కోసం చేసే పని అని దాని సారం. అందులో నాకు నచ్చిన భాగం ఒకటుంది: గుంపులో భేదాభిప్రాయం రావడం సహజం, దాన్ని దాచకుండా, మర్యాద తప్పకుండా బయటికి చెప్పుకోవాలి అంటుంది. చదవడానికి బాగుంది. ఆచరణలో మాత్రం ఆ గదిలో ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లదే రాజ్యం.

అమెరికన్ పిల్లలు, నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాళ్లు, మనసులో వాక్యం పూర్తి కాకముందే మాట్లాడటం మొదలుపెడతారు. మాట్లాడుతూ ఆలోచిస్తారు. మనం ఆలోచించి మాట్లాడదామని వాక్యం కూర్చుకునేలోపు చర్చ రెండు వీధులు దాటి పోయి ఉంటుంది. నాలాగే మౌనంగా ఉండే అమ్మాయి ఇంకొకరు ఉండేది. ఆమె అమెరికాలోనే పుట్టింది. లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబం. ఆ రాష్ట్రంలో హ్మాంగ్ జనాభా ఎక్కువ. మా ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడాక మాట్లాడతాం, అదే అలవాటైపోయింది అని చెప్పింది. మా ఇద్దరికీ సెమిస్టర్ మధ్యలో ఒకే సలహా వచ్చింది: ‘ఇంకా ముందుకు రావాలి, ఇంకా మాట్లాడాలి.’ ఆ సలహాలో సగం న్యాయం ఉంది. మిగతా సగం, గట్టిగా మాట్లాడటమే నాయకత్వమని ఆ శిక్షకులకు ఉన్న నమ్మకం. మన దగ్గర మైకు పట్టుకున్న వక్తకు ఉన్నదీ అదే నమ్మకం. తేడా ఏమిటంటే అక్కడ మైకు విద్యార్థుల చేతికి కూడా ఇస్తారు.

నాకు ఊపిరి ఆడింది సభా నియమాల పాఠం మొదలయ్యాకే. అమెరికాలో చిన్న క్లబ్బు నుంచి పెద్ద సంఘం దాకా సమావేశం నడపడానికి ‘రాబర్ట్స్ రూల్స్’ అనే పుస్తకాన్ని ఆధారం చేసుకుంటారు. హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు దాన్ని 1876లో ప్రచురించాడు. అంతకు చాలా ముందు, 1863లో, న్యూబెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక చర్చి సభకు అధ్యక్షత వహించమని ఆయన్ని కూర్చోబెడితే సభ గందరగోళమైపోయిందట. ఇంకోసారి సభ నడిపే ముందు నియమాలు తెలుసుకోవాలని పట్టుబట్టి, దొరికిన పుస్తకాలన్నీ చదివి, చివరికి తానే రాశాడు. పుస్తకం వచ్చిన రోజుల్లో ఆయన ఉద్యోగం మా విస్కాన్సిన్‌లోని మిల్వాకీలోనే. ఆనకట్టలు, ఓడరేవుల పనులు చూసిన మనిషి కాబట్టి మాటల ప్రవాహానికి కూడా గట్లు వేయాలని తోచిందేమో. ఇంజినీరింగ్ చదివినదాన్ని గనుక నాకు ఆయన మీద పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను.

ఆ నియమాల్లో ఒకటి నాకు ప్రాణం పోసింది. ఒక తీర్మానం మీద ఒకసారి మాట్లాడిన సభ్యుడు, ఇంకా మాట్లాడనివాళ్లు ఎవరైనా మాట్లాడదలిస్తే, వాళ్ల వంతు అయ్యేదాకా రెండోసారి మాట్లాడకూడదు. మాట్లాడేది కూడా ఎదుటివాళ్లతో కాదు, అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్లతో. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, అప్పుడే చర్చ. సవరణ ఉంటే ముందు సవరణ మీద ఓటు. ఏమి తేలిందో మినిట్స్‌లో రాయాలి. తరువాతి సమావేశంలో ఆ మినిట్స్ సరిగ్గా ఉన్నాయో లేదో సభ్యులు ఆమోదించాలి. ముందు నోరు తెరిచినవాడి రాజ్యం అక్కడితో ముగిసింది.

ఆ పాఠం చెప్పిన సాయంత్రం ‘ఇలాంటి సమావేశం ఎప్పుడైనా చూశారా’ అని అడిగారు. నేను చెయ్యెత్తాను. చూశాను, మా ఇంటి వసారాలో.

మా అమ్మ పదో తరగతి పూర్తి చేయలేదు. ఊళ్లో డ్వాక్రా సంఘానికి చాలా కాలం రెండో లీడరుగా ఉంది. నెలకు రెండుసార్లు సభ్యులంతా మా వసారాలో చేరేవాళ్లు. చాప పరిచి, గుండ్రంగా కూర్చుని, ముందు హాజరు. తరువాత పొదుపు ఎవరెంత కట్టారో పైకి చదవడం. తరువాత పాత అప్పుల వాయిదాలు. ఆ తరువాత కొత్తగా అప్పు కావాలన్నవాళ్లు ఎందుకో అందరి ముందూ చెప్పాలి. కూతురి ఫీజుకా, గేదెకా, ఆసుపత్రికా. ఎవరికి ముందు ఇవ్వాలో కూర్చున్నవాళ్లే తేలుస్తారు. ‘నీ పాత వాయిదా రెండు నెలలుగా రాలేదు కదా వదినా’ అని సొంత తోడికోడలికి మా అమ్మ కాదని చెప్పడం నేను విన్నాను. వారం రోజులు ఆ ఇంటికీ మా ఇంటికీ మాటలు లేవు. తీర్మానం పుస్తకంలో రాసి, అందరి సంతకాలూ అయ్యాకే పుస్తకం మూసేవాళ్లు. సంఘాలకు ‘పంచసూత్రాలు’ అని నేర్పుతారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యులకు అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, లెక్కల పుస్తకాలు సరిగ్గా రాయడం. చిన్నప్పుడు హోంవర్కు చేసుకుంటూ ఇవన్నీ చెవిన పడ్డవే. అందులో నేర్చుకోవలసింది ఉందని అప్పట్లో ఎవరూ నాకు చెప్పలేదు.

విస్కాన్సిన్‌లో ఆ సాయంత్రం ఇదంతా చెప్పాను. బ్యాంకులు ఈ సంఘాలకు పూచీకత్తు లేకుండా అప్పులిస్తాయని, తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సంఘాలు లక్షల్లో ఉన్నాయని చెప్పాను. ఆ కార్యక్రమంలో అంతసేపు నేను ఆగకుండా మాట్లాడటం అదే మొదటిసారి. మధ్యలో ఎవరూ అడ్డురాలేదు. అడ్డురాకూడదన్న నియమం అప్పటికే నేర్చుకున్నారు కదా.

రెండో సగంలో నన్ను విద్యార్థి ఫీజుల కేటాయింపు కమిటీలో వేశారు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఈ ఉత్తరం రాస్తున్నదే దీని కోసం. ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు వేరు, విద్యార్థి కార్యకలాపాల ఫీజు వేరు. రెండోది సెమిస్టర్‌కు కొన్ని వందల డాలర్లు. నాలాంటి విదేశీ విద్యార్థి కూడా కట్టాల్సిందే. ఆ డబ్బులో కొంత భాగాన్ని ఏ విద్యార్థి సంఘానికి ఎంత ఇవ్వాలో తేల్చేది విద్యార్థుల కమిటీయే. వాళ్ల నిర్ణయానికి పైవాళ్ల ఆమోదం కావాలి గానీ, దరఖాస్తులు చదివేది, ప్రశ్నలడిగేది, కోత పెట్టేది విద్యార్థులే. 1970ల్లో వచ్చిన రాష్ట్ర చట్టం ఇచ్చిన బాధ్యత ఇది. 2015లో అక్కడి శాసనసభ విశ్వవిద్యాలయ పాలనలో విద్యార్థుల పాత్రను కొంత కుదించింది కూడా. అక్కడంతా రామరాజ్యం అని చెప్పడం నా ఉద్దేశం కాదు.

ఈ ఫీజు మీద పెద్ద కేసే నడిచింది. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సౌత్‌వర్త్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి, మరికొందరు కలిసి ‘మా ఫీజు డబ్బు మాకు గిట్టని అభిప్రాయాలున్న సంఘాలకు ఎందుకు ఇవ్వాలి’ అని కోర్టుకెక్కారు. 2000 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విశ్వవిద్యాలయం అలాంటి ఫీజు వసూలు చేయవచ్చు, కానీ పంచేటప్పుడు ఏ సంఘం ఏ అభిప్రాయం కలిగి ఉందో చూడకూడదు. విద్యార్థులంతా ఓటేసి ఒక సంఘానికి డబ్బు ఆపేసే పద్ధతిని కూడా న్యాయమూర్తులు శంకించారు. మెజారిటీకి నచ్చలేదు గనుక మైనారిటీకి డబ్బు లేదు అంటే ఇక నిష్పాక్షికత ఎక్కడిది అన్నారు. కమిటీలో చేరిన ప్రతివాళ్లూ ముందుగా చదవాల్సిన పాఠం ఈ తీర్పే.

చదవడం తేలిక. నాకు ఒళ్లు మండే అభిప్రాయాలున్న ఒక సంఘం వచ్చి సభ కోసం హాలు అద్దె అడిగినప్పుడు దాన్ని పాటించడం కష్టం. నేను అడగగలిగిన ప్రశ్నలు మూడే: ఎంతమంది వస్తారు, ధర ఎక్కడ కనుక్కున్నారు, పోయిన ఏడాది ఇచ్చిన డబ్బు లెక్క ఏది. లెక్క చక్కగా ఉంది. ఇవ్వాలని ఓటు వేశాను. బయటికి వచ్చాక వాళ్ల సభకు వెళ్లకుండా ఉండే హక్కు నాకుంది, దాన్ని కూడా వాడుకున్నాను.

అంతకంటే కష్టమైనది మనవాళ్ల దరఖాస్తు. భారతీయ విద్యార్థుల సంఘం దీపావళికి డబ్బు అడిగింది. దరఖాస్తు పెట్టకముందే నాకు ఫోన్లు మొదలయ్యాయి. ‘అక్కా, కమిటీలో మనమనిషివి నువ్వొక్కదానివే, కాస్త చూసుకో.’ ‘చూసుకో’ అనే ఆ ఒక్క మాట మీద మన దగ్గర ఎన్ని వ్యవస్థలు నడుస్తున్నాయో మీకు తెలుసు. విచారణ రోజు, ఆ సంఘం వాళ్లు నాకు తెలిసినవాళ్లని ముందే చెప్పి, ఓటు వేయకుండా పక్కన కూర్చున్నాను. భోజనాలకు పెద్ద మొత్తం రాశారు, ఒక్క హోటలు నుంచి కూడా ధర రాయించుకు రాలేదు. కమిటీ సగానికి పైగా కోసేసింది. అధ్యక్ష స్థానంలో ఉన్నది పాడి రైతు కుటుంబం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయి. ‘ధరల కాగితాలు తెస్తే మళ్లీ వినడానికి అభ్యంతరం లేదు’ అని ఒక్క ముక్కలో చెప్పి తరువాతి దరఖాస్తుకు వెళ్లిపోయింది. గొంతు పెంచలేదు, నవ్వనూ లేదు. పల్లెలో వసారాలో కూర్చుని తోడికోడలికి కాదని చెప్పిన మనిషి నాకు గుర్తొచ్చింది. మనవాళ్లు కాగితాలు తెచ్చారు, కొంత డబ్బు వచ్చింది, దీపావళి బాగానే జరిగింది. నాతో మాత్రం కొందరు సంక్రాంతి దాకా మాట్లాడలేదు.

ఇక ఆ కార్యక్రమంలో విదేశీ విద్యార్థులకు తెరుచుకోని తలుపు ఒకటి ఉంది. ఏడాది బాగా పనిచేసినవాళ్లకు వేసవిలో నగర పాలక సంస్థల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ జీతంతో కూడిన పని ఇప్పిస్తారు. కార్యక్రమానికి అదే కిరీటం. నాకు మిల్వాకీలో నీటి సరఫరాకు సంబంధించిన పని చూపించారు. చదువుకు సరిగ్గా సరిపోయే పని. కానీ ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువు మధ్యలో క్యాంపస్ బయట పని చేయాలంటే మామూలుగా ఆ పని పాఠ్య ప్రణాళికలో భాగమై ఉండాలి. క్రెడిట్లు లేని నాయకత్వ కార్యక్రమం ఏ పాఠ్య ప్రణాళికలోనూ భాగం కాదు. సరే, తరువాతి ఏడాది కొత్తవాళ్లకు సమన్వయకర్తగా ఉండమన్నారు. దానికీ జీతం ఉంది, అది క్యాంపస్‌లోనే. కానీ సెమిస్టర్ నడుస్తుండగా మేము వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్ పనికే ఆ 20 గంటలూ అయిపోతాయి. అది వదిలితే ట్యూషన్ ఫీజు మాఫీ పోతుంది, ఊళ్లో బ్యాంకు అప్పు పెరుగుతుంది. ఆ పని నా పక్కన కూర్చున్న అమెరికన్ అబ్బాయికి ఇచ్చారు. మంచివాడే, బాగా చేశాడు కూడా.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కార్యక్రమం రూపొందించినవాళ్ల ఊహలో విద్యార్థి అంటే ఆ దేశపు పౌరుడు, అంతే. కరపత్రం మీద మాత్రం మా ముఖాలు ముందు వరుసలో ఉంటాయి. నేర్పిన విద్యనే వాళ్ల మీద ప్రయోగించాను. కార్యక్రమ సలహా మండలికి రాతపూర్వకంగా ఒక తీర్మానం పెట్టాను: వేసవి పనుల్లో కొన్నింటిని క్యాంపస్ లోపలే ఏర్పాటు చేయాలి, దరఖాస్తు దశలోనే వీసా పరిమితులు చెప్పాలి. బలపరిచింది ఎవరో తెలుసా? ఆ హ్మాంగ్ అమ్మాయి. ఆమెకు వీసాతో పని లేదు. రెండో భాగం వెంటనే ఆమోదించారు. మొదటి దాన్ని ‘పరిశీలనకు’ పంపారు. ప్రపంచంలో ఏ భాషలోనైనా ఆ మాటకు అర్థం ఒకటే గానీ, ఆ తరువాతి వేసవికి ఒకటి రెండు పనులు క్యాంపస్‌లో చేర్చారు.

2025 ఏప్రిల్ నాటికి నేను కమిటీలో రెండో ఏడాది సభ్యురాలిని. ఆ నెలలో అమెరికా ప్రభుత్వం వేల మంది విదేశీ విద్యార్థులకు ఆ దేశంలో ఉండి చదవడానికి ఆధారమైన అధికారిక రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేసింది. కారణం చెప్పనివాళ్లు కొందరు, ఎప్పుడో వాహనం వేగంగా నడిపినందుకు పడ్డ జరిమానా కారణమైనవాళ్లు కొందరు. విద్యార్థులు కేసులు వేశాక నెలాఖరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరిస్తామంది. ఆ మూడు నాలుగు వారాలు మా కమిటీ ఎలా నడిచిందో చెబుతాను. మా సమావేశాలకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, మినిట్స్ అందరికీ కనిపించేలా పెడతారు, ఏ తీర్మానం ఎవరు ప్రతిపాదించారో పేరుతో సహా ఉంటుంది. కొత్తగా చేరిన ఒక విదేశీ విద్యార్థి నా దగ్గరికి వచ్చి, మినిట్స్‌లో పేరు రాకుండా ఉండే మార్గం ఏదైనా ఉందా అని అడిగాడు. నియమాల ప్రకారం లేదు. ప్రతిపాదించకుండా, బలపరచకుండా ఉంటే పేరు రాదు. అతను అలాగే ఉన్నాడు. నిజం చెప్పాలంటే మేమందరం అలాగే ఉన్నాం. ‘ఇంకా ముందుకు రావాలి, ఇంకా మాట్లాడాలి’ అని మొదట్లో సలహా ఇచ్చిన శిక్షకురాలే ఆ నెలలో మమ్మల్ని పిలిచి, ‘మాట్లాడమని ఇప్పుడు మీకు చెప్పలేను, మాట్లాడవద్దనీ చెప్పలేను, న్యాయవాదిని అడగండి’ అంది. ఆ రెండేళ్లలో ఆమె నాకు ఇచ్చిన సలహాలన్నింటిలోకీ అది నిజాయితీ గలది. పౌరసత్వం లేని చోట నాయకత్వానికి హద్దు ఎక్కడుంటుందో అప్పుడు తెలిసింది. అది ఏ శిక్షకుడి చేతుల్లోనూ ఉండదు.

మరి ఆ హద్దు లేని చోట, అంటే మన సొంత ఊళ్లో, మన పిల్లలకు ఏమి ఇస్తున్నాం? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్నాయి గానీ, మామూలు కళాశాలల్లో చదివే పిల్లలకు ఎన్నిక అంటే టీవీలో చూసేదే. మా నాన్న తరం వాళ్లు అప్పటి గొడవలు, కత్తిపోట్ల గురించి చెబుతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ ఆ భయానికి మందుగానే కదా మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో కమిటీ సిఫార్సులు వచ్చాయి, 2006లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, ముద్రించిన పోస్టర్లు వాడకూడదు. ఇంత కట్టుదిట్టమైన నియమాలు పెట్టుకుని కూడా మనం ఎన్నిక అనే మాటకే భయపడుతున్నాం.

ఎన్నికల సంగతి పెద్దలు తేల్చుకోవడానికి ఇంకో ముప్పై ఏళ్లు తీసుకుంటారేమో. ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఏ జీవో అక్కర్లేదు. ప్రతి కళాశాలా ట్యూషన్ ఫీజు కాక స్పెషల్ ఫీజు అనో, ఇతర ఫీజులు అనో వసూలు చేస్తుంది. ఆటలకు, పత్రికకు, వార్షికోత్సవానికి. ఆ డబ్బు ఎంత వచ్చిందో, దేనికి పోయిందో కట్టిన విద్యార్థికి తెలియదు. మా కళాశాల పత్రిక నేను చదివిన నాలుగేళ్లలో ఒక్కసారి వచ్చింది, ఫీజు మాత్రం ఏటా కట్టాను. అందులో పదో వంతు చాలు, విద్యార్థుల కమిటీకి అప్పగించండి. నాటకం వేసేవాళ్లకు ఎంత, క్రికెట్ జట్టుకు ఎంత, అమ్మాయిల వాలీబాల్‌కు ఎంత అన్నది వాళ్లు కూర్చుని, వాదించుకుని, తీర్మానం రాసి, నోటీసు బోర్డు మీద పెట్టాలి. అందరూ అడిగినదాంట్లో కోత పెట్టి, స్నేహితుడికి కాదని చెప్పి, మర్నాడు అతని పక్కనే కూర్చుని ల్యాబ్ చేయాలి. రెండు రోజుల శిబిరంలో ఏ వక్తా ఇది నేర్పలేడు. శాలువా ఖర్చు కూడా మిగులుతుంది.

యాజమాన్యాలు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు. ‘పిల్లలమ్మా, డబ్బు చేతికిస్తే ఎలా?’ ఆ పిల్లల్లో సగం మంది ఇళ్లలో తల్లులు పదేసి లక్షల బ్యాంకు అప్పులు తీసుకున్న సంఘాలను సంతకాలతో, తీర్మానాలతో నడుపుతున్నారు. డ్వాక్రా సంఘాల పనులు చూసే వెలుగు కార్యాలయంలో పనిచేసే వాళ్లను ఒక్క పూట కళాశాలకు పిలిచి తీర్మానం పుస్తకం ఎలా రాయాలో చెప్పిస్తే సరిపోతుంది. హైదరాబాదు వక్తకు ఇచ్చే పారితోషికంలో ఆవగింజంత కూడా కాదు.

మీకు నా విన్నపం ఒకటే. ఇకపై నాయకత్వ శిబిరం, వ్యక్తిత్వ వికాస సదస్సు అంటూ కళాశాలల నుంచి మీకు వార్తలు వచ్చినప్పుడు, మీ విలేకరులు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఏడాది మీ కళాశాలలో విద్యార్థులు స్వయంగా తీసుకున్న నిర్ణయం ఏమిటి, ఎంత డబ్బు మీద? సమాధానం వస్తే ఫొటోతో సహా వేయండి. రాకపోతే, అడిగామని, సమాధానం రాలేదని వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఒంగోలు.

(పేరు, చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. నాతో కమిటీలో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా వీసా మీద అక్కడే ఉన్నారు కనుక పేరు ప్రచురించవద్దని మనవి.)